మాల్ట్ వాసన, తొమ్మిదో నంబరు చొక్కా

ఇంగ్లండ్‌లోని వుల్వర్‌హాంప్టన్‌లో బ్యాంక్స్ బ్రూవరీ మూసేస్తున్నారని 2024 చివర్లో వార్త వచ్చింది. 1875 నుంచి చాపెల్ యాష్ దగ్గర నడిచిన బ్రూవరీ అది. ఆ వార్త చదవగానే బీరు కన్నా ముందు వాసన గుర్తొచ్చింది. మాల్ట్‌ను, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని, వేడినీళ్లలో నానేసిన రోజున గాలి ఇటు తిరిగిందంటే ఊరి నడిబొడ్డు దాకా ఆ వాసనే. మన వైపు ఉప్పుడు బియ్యం మిల్లు పక్కనుంచి పోతుంటే ముక్కుకు తగిలే ఆవిరి లాంటిది, కాస్త తీపి ఎక్కువ. ఆ వాసన పీలుస్తూ రింగురోడ్డు దాటి మోలిన్యూ ఫుట్‌బాల్ మైదానానికి నడిచిన వాళ్లెవరికైనా దాంతోపాటే ఒక మనిషి గుర్తొస్తాడు. స్టీవ్ బుల్, ఊరి క్లబ్బు స్ట్రైకర్. కురచ క్రాఫు, ముదురు బంగారు రంగు చొక్కా, వీపు మీద తొమ్మిది.

అతని గురించి చెప్పాలంటే ముందు ఆ మైదానం ఎలా ఉండేదో చెప్పాలి.

ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు వుల్వ్స్ 1954, 1958, 1959లో ఇంగ్లండ్ ఛాంపియన్లు. 1954 డిసెంబర్‌లో ఫ్లడ్‌లైట్ల వెలుగులో హంగరీ జట్టు హోన్వెడ్‌ను 3-2తో ఓడించిన క్లబ్బు. అలాంటిది 1984, 85, 86 వరసగా మూడేళ్లు మూడు మెట్లు జారి మొదటి డివిజన్ నుంచి నాలుగో డివిజన్‌లో పడింది. కిందికి లాగిన వాటిలో ముఖ్యమైనది 1979లో కట్టిన జాన్ ఐర్లాండ్ స్టాండ్ అప్పు. ఆ స్టాండ్‌ని పాత స్టాండ్ వెనక కట్టారు. మిగతా మైదానమంతా తిరగకట్టేటప్పుడు పిచ్‌ను దాని దగ్గరికి జరపాలనుకున్నారు. ఆ లోపే డబ్బు అయిపోయింది. దాంతో ముందు వరస కుర్చీకీ టచ్‌లైన్‌కీ మధ్య పెద్ద ఖాళీ మిగిలిపోయింది. అక్కడ కూర్చుంటే ఆటగాళ్లు పక్క వీధిలో ఆడుతున్నట్టు ఉండేది. 1985 మేలో బ్రాడ్‌ఫర్డ్‌లో చెక్క స్టాండ్ తగలబడి 56 మంది చనిపోయాక దేశమంతా పాత స్టాండ్లకు తాళాలు పడ్డాయి. ఇక్కడ వాటర్లూ రోడ్ స్టాండ్, నార్త్ బ్యాంక్ మూతపడ్డాయి. తెరిచి ఉన్నవి రెండే, జాన్ ఐర్లాండ్ స్టాండూ, నిలబడి చూసే సౌత్ బ్యాంకూ.

అంత పెద్ద మైదానంలో మూడు నాలుగు వేల మంది. మూసేసిన వైపు నుంచి ప్రతి శబ్దమూ తిరిగొచ్చేది. గోల్‌కీపర్ 'నాది' అని అరిస్తే రెండుసార్లు వినపడేది. తోలు బంతి పోస్టుకు తగిలిన చప్పుడు, గ్రౌండు అవతల పోలీసు కుక్క మొరుగు, టీ గుడిసె దగ్గర చిల్లర గలగల, అన్నీ వేటికవే తెలిసేవి. ఉద్యోగాలు పోయిన ఊరు అది. బిల్‌స్టన్ ఉక్కు కర్మాగారం 1979లో మూతపడింది, బ్రియర్లీ హిల్‌లో రౌండ్ ఓక్ 1982లో. టికెట్ డబ్బులు లెక్కపెట్టుకుని వచ్చేవాళ్లే ఎక్కువ.

1986 నవంబర్‌లో టిప్టన్ కుర్రాడొకడు వచ్చాడు. టిప్టన్ అంటే ఎంతో దూరం కాదు, పక్కనే ఉన్న ఫౌండ్రీల ఊరు. అక్కడే పుట్టి, టిప్టన్ టౌన్‌కు ఆడి, వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్‌లో నాలుగు లీగ్ మ్యాచ్‌లు ఆడాడో లేదో, మొదటి టచ్, అంటే వచ్చిన బంతిని కాలితో అందుకునే తీరు, బాగాలేదని అక్కడివాళ్లు వదులుకున్నారు. ధర సుమారు 65 వేల పౌండ్లు. ఆండీ థాంప్సన్ కూడా ఆ రోజుల్లోనే అదే దారిన వచ్చాడు. ఆల్బియన్ అంటే వుల్వ్స్‌కు బద్ధశత్రువు. కెప్టెన్ ఆలీ రాబర్ట్‌సన్ అక్కడి నుంచి వచ్చినవాడే, తర్వాతి ఏడాది వచ్చిన లెఫ్ట్ వింగర్ రాబీ డెన్నిసన్ కూడా అక్కడి నుంచే. శత్రువు వద్దనుకున్న వాళ్లతో జట్టు కట్టిన మేనేజర్ గ్రాహమ్ టర్నర్. అతన్ని కూడా మొదట్లో జనం ఒప్పుకోలేదు.

బుల్ మొదటి మ్యాచ్ సొంత మైదానంలో రెక్స్‌హామ్ మీద. 0-3. రెండు రోజుల తర్వాత ఎఫ్.ఏ. కప్‌లో లీగ్‌లోనే లేని చోర్లీ చేతిలో మళ్లీ 0-3. క్లబ్బు చరిత్రలో అంతకన్నా చీకటి వారం నాకు తెలిసి లేదు. అక్కడి నుంచి ఆ సీజన్ చివరికి నాలుగో స్థానానికి లాక్కొచ్చారంటే టర్నర్ ఎంత పని చేశాడో తెలుస్తుంది. అంతకు ముందు ఏడాది వరకూ నాలుగో డివిజన్ నుంచి నలుగురు పైకెళ్లేవారు. సరిగ్గా ఆ ఏడాదే పైకెళ్లే చివరి చోటు కోసం ప్లేఆఫ్ మ్యాచ్‌లు మొదలయ్యాయి. ఆరో స్థానంలో ఉన్న ఆల్డర్‌షాట్ ఫైనల్లో రెండు మ్యాచ్‌ల్లోనూ వుల్వ్స్‌ను ఓడించి పైకి పోయింది. ఆ అన్యాయం మీద ఊళ్లో వేసవంతా చర్చే. ఇప్పుడు ఆలోచిస్తే, మరో ఏడాది అడుగునే ఉండబట్టే ఆ జట్టు గట్టిపడిందనిపిస్తుంది.

రెండో టచ్

బుల్ మొదటి టచ్ బాగుండదు, కానీ రెండో టచ్‌కే గోలు కొడతాడు అని ఊళ్లో ఒక మాట నడిచేది. అందులో నిజం ఉంది. అదెలా జరిగేదో దగ్గరగా చూసిన వాళ్లు మాత్రం ఆ మొదటి టచ్‌ను తప్పుపట్టరు.

గోల్‌కీపర్ బంతిని చేతుల్లోంచి వదిలి పొడుగ్గా తన్నుతాడు. మధ్య గీతకు అవతల పదో నంబరు ఆండీ మచ్, ఎదుటి జట్టు మధ్య డిఫెండర్‌కు అర అడుగు ముందు నిలబడి ఎగురుతాడు. నుదుటి పైభాగంతో బంతిని కొట్టడు, తాకించి వదిలేస్తాడు. మరీ నిండుగా తగిలితే బంతి నిట్టనిలువుగా లేస్తుంది. మరీ పలచగా తగిలితే ఎదుటి గోల్‌కీపర్ చేతుల్లోకి పోతుంది. ఇక్కడ కీలకం బుల్ ఎప్పుడు కదులుతాడన్నది. మచ్ తల తగిలాక పరిగెడితే ఆలస్యమైనట్టే. మచ్ నేల వదిలిన క్షణానే ఇతను బయల్దేరాలి. మచ్‌కు బంతి అందకపోతే ఆ పరుగు దండగ. మ్యాచ్‌లో ఎక్కువ పరుగులు అలా దండగ అయ్యేవే. అయినా మళ్లీ పరిగెత్తేవాడు.

బంతి దొరికాక మొదటి టచ్‌తో కాళ్ల కింద ఆపుకోడు, రెండు మూడు గజాలు ముందుకు తోసేవాడు. దూరంనుంచి చూస్తే బంతి జారిపోయినట్టే కనిపించేది. నిజానికి ఆ తోపుతో డిఫెండర్ వెనకపడిపోతాడు. రెండో టచ్ షాటే. కాలు వెనక్కి ఎత్తడం తక్కువ, మోకాలి కింది భాగంతోనే కొట్టేవాడు. అందుకే గోల్‌కీపర్‌కు కాళ్లు నిలదొక్కుకునే వ్యవధి దొరికేది కాదు. కుడి వైపు నుంచి ఎక్కువగా కిందుగా, అవతలి పోస్టు వైపు. దగ్గరి పోస్టును గోల్‌కీపర్ ఎలాగూ కాస్తాడు. అవతలి వైపు కొడితే, అతను ఆపినా బంతి గోలు ముందుకే పడుతుంది. అక్కడికి మచ్ వచ్చి ఉంటాడు. మచ్ గోళ్లలో అలా పడినవి తక్కువేమీ కాదు. అతనికి రావలసినంత పేరు రాలేదన్నది నా గట్టి అభిప్రాయం.

అప్పటి నిబంధనలు కూడా స్ట్రైకర్‌ను ఇప్పటిలా ఆదుకునేవి కావు. తనకు బంతి వేసే క్షణాన ఆఖరి డిఫెండర్‌తో సమానంగా నిలబడినా ఆఫ్‌సైడే, ఆట ఆగిపోయేది. సమానంగా ఉంటే తప్పు లేదన్న మార్పు 1990లో వచ్చింది. కాబట్టి బుల్ ఎప్పుడూ అర గజం వెనకనుంచి, లైను వెంబడి వంపుగా పరుగు మొదలుపెట్టాల్సి వచ్చేది. వెనకనుంచి కాలు వేసి పడేసినా రిఫరీ మొదటిసారికి వేలు చూపించి వదిలేసేవాడు. డిఫెండర్ తమ గోల్‌కీపర్‌కు బంతి వెనక్కి తన్నితే అతను చేత్తో పట్టుకోవచ్చు. ఆ సదుపాయం 1992 దాకా ఉంది. కాబట్టి వెనక్కి వెళ్లే బంతిని వెంటాడటం పదికి తొమ్మిదిసార్లు వృథా. ఆ పదోది ఫిబ్రవరిలో వచ్చేది. గోలు ముందు గడ్డి పోయి, బురద మీద ఇసుక చల్లి ఉంటుంది. వెనక్కి తన్నిన బంతి ఆ బురదలో సగం దారిలో ఆగిపోతుంది. గోల్‌కీపర్ గీత దగ్గరే ఉంటాడు, డిఫెండర్ అప్పటికే ముఖం తిప్పేసుకుని ఉంటాడు. బుల్ మాత్రం ఇంకా పరిగెడుతూనే ఉంటాడు. సౌత్ బ్యాంకు నుంచి అలాంటి బంతి ఆగిపోవడం చూసినప్పుడు, అతను ఇంకా అందుకోకముందే జనం అరవడం మొదలుపెట్టేవాళ్లు.

బూట్లు, బురద, ఐదు గంటల రేడియో

నాలుగో డివిజన్ అంటే 24 జట్లు, 46 మ్యాచ్‌లు, వాటి మీద కప్పు పోటీలు. దక్షిణాన టార్కీ, ఈశాన్యాన హార్టిల్‌పూల్, అన్నీ బస్సు ప్రయాణాలే. మంగళవారం రాత్రి మ్యాచ్ ఆడి తిరిగొచ్చేసరికి తెల్లవారుజాము. బస్సు దిగేసరికి మోకాళ్లు బిగుసుకుపోయేవి. 1987 ఆగస్టులో సీజన్ మొదటి మ్యాచే స్కార్‌బరోలో. నాన్‌లీగ్ నుంచి నేరుగా లీగ్‌లోకి వచ్చిన తొలి క్లబ్బు వాళ్లు. స్కోరు 2-2. ఆ రోజు స్టాండుల్లో గొడవలు జరిగాయి, వుల్వ్స్ అభిమాని ఒకడు పైకప్పు రేకుల్లోంచి కిందపడ్డాడు. మొదటి వారమే అంత చెడ్డపేరుతో మొదలైన సీజన్ అది.

ఆటగాళ్ల బూట్ల పని అప్రెంటిస్ కుర్రాళ్లది. ఆ పద్ధతి ఇప్పుడు పెద్ద క్లబ్బుల్లో కనిపించదు కాబట్టి చెప్పాలి. బూటు అడుగున జారకుండా ఆరు స్టడ్లు, అంటే బొడిపెలు. బురదకు పొడుగాటి అల్యూమినియంవి, పొడినేలకు పొట్టివి. నేల గడ్డకడితే ఆ బూట్లే పనికిరావు, చిన్న చిన్న రబ్బరు బొడిపెలున్న జత వేసుకోవాలి. స్టడ్ తాళంతో విప్పి బిగించాలి. మర తుప్పుపడితే ఊడదు, కాబట్టి బిగించే ముందు కాస్త వాజలిన్ రాసేవారు. మ్యాచ్ ముందు లైన్స్‌మన్ వచ్చి అరచేత్తో అడుగులు తడిమి, అంచు పదునెక్కిన స్టడ్డు ఉంటే మార్చమనేవాడు. మ్యాచ్ అయ్యాక మట్టి గీకి, లోపల పాత న్యూస్‌పేపర్ ఉండచుట్టి కుక్కి పక్కన పెట్టాలి. తొందరపడి హీటర్ మీద పెడితే తోలు పగుళ్లిస్తుంది. ఆరాక డబ్బిన్ మైనం రుద్దాలి. స్ట్రైకర్ బూటులో కుడికాలి లోపలి అంచు అన్నిటికన్నా ముందు అరిగేది. డ్రెస్సింగ్ రూముల బయట కారిడార్లో ఆ మైనం వాసనా, కాళ్లకు రుద్దే ఘాటు నూనె వాసనా కలిసి ఉండేవి.

ఆట అయిపోయాక గేట్ల దగ్గర ఒక్కసారిగా గోల తగ్గేది. పార్కు చేసిన కార్ల తలుపులు తీసి పెట్టుకుని అందరూ ఒకటే స్టేషన్ పెట్టేవాళ్లు. ఐదు గంటలకు బీబీసీలో ఫలితాలు. జేమ్స్ అలెగ్జాండర్ గోర్డన్ గొంతు. రెండో జట్టు పేరును అతను పలికే తీరులోనే ఆ జట్టు గెలిచిందో లేదో తెలిసిపోయేది, అంకె ఇంకా చెప్పకముందే. మొదటి డివిజన్ నుంచి మొదలుపెట్టి కిందికి వస్తాడు. నాలుగో డివిజన్ వచ్చేదాకా ఓపిక పట్టాలి. అక్కడక్కడ ఫలితాల మీద పందెం కాసే పూల్స్ కూపన్ మీద పెన్సిల్ గీతలు పెట్టుకునే పెద్దవాళ్లు. ఇంకాసేపటికి న్యూస్‌ఏజెంట్ దుకాణం ముందు క్యూ, శనివారం సాయంత్రం వచ్చే స్పోర్టింగ్ స్టార్ కోసం. ఇంటర్వెల్ దాకా వివరంగా రాసి, రెండో సగం నాలుగు ముక్కల్లో ముగించేవారు. అచ్చుకు టైము చాలదు మరి. బుల్ గోళ్లు రెండో సగంలో పడితే ఆ వారం పత్రిక వాటికి న్యాయం చేసేది కాదు.

1987-88 సీజన్‌లో అతను 52 గోళ్లు కొట్టాడు, లీగ్‌లో 34. వుల్వ్స్ నాలుగో డివిజన్ గెలిచి, 1924లో గెలిచిన పాత మూడో డివిజన్ నార్త్‌ను కూడా లెక్కేస్తే, నాలుగు డివిజన్లూ గెలిచిన తొలి క్లబ్బు అయింది. కింది రెండు డివిజన్ల క్లబ్బులకు మాత్రమే ఉండే షెర్పా వాన్ ట్రోఫీలో అతనొక్కడే 12 కొట్టి జట్టును వెంబ్లీకి తీసుకెళ్లాడు. 1988 మేలో బర్న్‌లీతో ఆ ఫైనల్‌కు వచ్చిన జనం 80,841. నాలుగో డివిజన్ జట్లు రెండింటి మ్యాచ్‌కు అంత జనం. ఫైనల్లో బుల్ గోలు కొట్టలేదు. మచ్ ఒకటి, డెన్నిసన్ ఫ్రీకిక్ ఒకటి, 2-0. తర్వాతి సీజన్‌లో మూడో డివిజన్ టైటిలు, అతనికి 50 గోళ్లు, వాటిలో లీగ్‌వి 37. రెండేళ్లలో 102.

హాంప్‌డెన్

కింది డివిజన్ డిఫెండర్ల మీద ఎవడైనా కొడతాడన్న మాట పత్రికల్లో నలుగుతుండగానే 1989 మే 27న గ్లాస్గో హాంప్‌డెన్ పార్క్‌లో స్కాట్లండ్ మీద ఇంగ్లండ్ మేనేజర్ బాబీ రాబ్సన్ అతన్ని దించాడు. జాన్ ఫషాను గాయపడి బయటికి వస్తే బుల్ లోపలికి. అంతకు ముందు మూడో డివిజన్‌లో ఆడుతూ ఇంగ్లండ్‌కు ఆడినవాడు 1976లో క్రిస్టల్ ప్యాలస్ వింగర్ పీటర్ టేలర్. ఆ తర్వాత ఇతనే.

ఆ గోలు చూస్తే మోలిన్యూలో చూసినదే. పొడుగాటి బంతి, గాల్లో తోపులాట, అతని వీపుకు తగిలి ముందు పడింది. ఆపుకోలేదు, సర్దుకోలేదు. తిరిగి కుడికాలితో కిందుగా కొట్టాడు, గోల్‌కీపర్ జిమ్ లేటన్‌ను దాటి లోపలికి. 2-0. ఆ రాత్రి టిప్టన్ పబ్బుల్లో టీవీ ముందు నిలబడటానికి చోటు లేదు.

1990 ఏప్రిల్‌లో వెంబ్లీలో చెకొస్లొవేకియా మీద రెండు కొట్టాడు. మొదటిది సహచరుడు గాస్కోయిన్ వేసిన పొడుగాటి పాస్ మీద. జూన్‌లో ట్యునీషియా మీద ఒకటి. అప్పటికి వుల్వ్స్ రెండో డివిజన్‌లో ఉంది. ఇటలీ ప్రపంచకప్‌లో నాలుగు మ్యాచ్‌ల్లో కనిపించాడు, ఈజిప్ట్ మీద మొదటినుంచీ ఆడాడు. మొత్తం 13 మ్యాచ్‌లు, 4 గోళ్లు. ప్రపంచకప్ తర్వాత ఆ తలుపు త్వరగానే మూసుకుపోయింది. మొదటి డివిజన్ క్లబ్బుకు వెళ్లి ఉంటే ఇంకా ఆడేవాడని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నిజమే అయ్యుండొచ్చు.

రెండో డివిజన్ డిఫెండర్ల ముందు తేలిపోతాడా అన్న అనుమానం కూడా మొదటి ఏడాదే తీరింది. 1989 అక్టోబర్‌లో తనను వద్దనుకున్న ఆల్బియన్ మైదానంలో, ఆట ముగిసే క్షణాల్లో గెలుపు గోలు, 2-1. ఆ గోలు గురించి బ్లాక్ కంట్రీ అని పిలిచే ఈ ప్రాంతంలో ఎవరినడిగినా తాను ఆ మూలనే ఉన్నానంటారు. 1990 కొత్త సంవత్సరం రోజున న్యూకాసిల్ సెయింట్ జేమ్స్ పార్క్‌లో రెండో సగంలో నాలుగు గోళ్లు, 4-1. ముందు రోజు రాత్రి వేడుకల అలసటతో బస్సుల్లో పడుకుని అంతదూరం పోయిన అభిమానులు గొంతులు పోగొట్టుకుని తిరిగొచ్చారు.

వెళ్లకుండా ఉండిపోవడం

1990లో సర్ జాక్ హేవర్డ్ క్లబ్బు కొన్నాడు. 1993 చివరికి మోలిన్యూ మూడు వైపులా కొత్తగా లేచింది. ప్రారంభోత్సవానికి మళ్లీ హోన్వెడ్‌నే పిలిచారు. ఇక పై డివిజన్ ఎంతో దూరం లేదనుకున్నారు అందరూ. 1995 ప్లేఆఫ్‌లో బోల్టన్, 1997లో క్రిస్టల్ ప్యాలస్ ఆపేశాయి. 1995లోనే పై డివిజన్‌లో ఉన్న కోవెంట్రీ సిటీ బుల్‌ను అడిగింది. క్లబ్బు పంపడానికి సిద్ధపడింది కూడా. అతను పోలేదు.

వుల్వ్స్ చొక్కాతో ఒక్కరోజు కూడా అన్నిటికన్నా పై డివిజన్‌లో ఆడకుండానే 561 మ్యాచ్‌లు, 306 గోళ్లు, 18 హ్యాట్రిక్‌లు. పాత స్ట్రైకర్ జాన్ రిచర్డ్స్ పేరిట ఉన్న 194 గోళ్ల క్లబ్బు రికార్డు 1992లోనే దాటేశాడు. ఈ లెక్కలు చూసి 'కింది స్థాయిలో కొట్టినవి' అని తీసిపారేసేవాళ్లకు నా దగ్గర ఒకే జవాబు ఉంది. ఆ స్థాయిలో ఆ పిచ్‌ల మీద, ఆ నిబంధనల కింద, వెనకనుంచి తన్నే ఆ డిఫెండర్ల మధ్య వందల మంది స్ట్రైకర్లు ఆడారు. వరసగా రెండేళ్లు యాభై అందుకున్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించమనండి.

ఆ తన్నులన్నిటి బాకీ మోకాళ్లు తీర్చాయి. ఆగి ఒక్కసారిగా మళ్లే ఆట అతనిది. స్టడ్డు బురదలో దిగబడి పాదం కదలదు, పైన ఒళ్లు తిరిగిపోతుంది, మధ్యలో నలిగేది మోకాలి కీలులోని మెత్తని పొర. అది చిరిగితే శస్త్రచికిత్సలో ఆ ముక్క తీసేస్తారు. తీసేసిన చోట ఎముకకూ ఎముకకూ మధ్య అడ్డు పలచబడుతుంది, వాపు వస్తుంది, నీరు తీయాలి, మళ్లీ ఆడాలి. ఆపరేషన్ వెంట ఆపరేషన్‌తో చివరి సీజన్లలో ఆ మొదటి ఐదు గజాల వేగం తగ్గిపోయింది. అది లేకపోతే బంతిని ముందుకు తోసే ఆ మొదటి టచ్ డిఫెండర్‌కు దొరికిపోతుంది. 1999 వేసవిలో వుల్వ్స్‌కు ఆడటం మానేశాడు. మరుసటి ఏడాది బ్రిటిష్ గౌరవ పురస్కారం ఎం.బి.ఇ. వచ్చింది. 2003లో క్లబ్బును అప్పుల్లో ముంచిన ఆ జాన్ ఐర్లాండ్ స్టాండ్‌కే అతని పేరు పెట్టారు.

ఆట మాత్రం అంతటితో ఆగలేదు. గ్రాహమ్ టర్నర్ అప్పటికి హెర్‌ఫర్డ్ యునైటెడ్ నడుపుతున్నాడు, లీగ్ నుంచి జారిపోయి దాని కింది మెట్టు కాన్ఫరెన్స్‌లో ఉన్న క్లబ్బు. పాత మేనేజర్ కోసం బుల్ అక్కడికి వెళ్లి కోచ్‌గా ఉంటూ 2000-01లో ఆడాడు కూడా, ముప్పై అయిదు దాటిన వయసులో, అవే మోకాళ్లతో.